హోమ్‌లో పెరిగిన మా పిల్లలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మేము టెక్సాస్‌లో ఉంటున్న క్రైస్తవ దంపతులం. కృష్ణా జిల్లాలో, పిల్లల్ని ఉంచి పెంచే ఒక చిన్న హోమ్‌లో పెరిగిన 11 మంది పిల్లలకు 2006 నుంచి తోడుగా ఉన్నాం. ఇక్కడి సంఘంలో ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర, ఊరి నుంచి చుట్టాల ఫోన్లలో అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. తొందరలో సగం సగం చెప్పి ఊరుకుంటున్నాను. అందుకే ఈసారి కూర్చుని రాశాను.

అసలు ఎలా మొదలైంది?

మా అత్తగారు పోయినప్పుడు భూస్థాపనకు వెళ్ళాం. ఆదరణ కూడిక రోజున ఆవిడ పేరు మీద పక్క ఊరి హోమ్‌లో పిల్లలకు భోజనం పెట్టాలని మా ఆయన అన్నారు. వరసగా కూర్చున్న పిల్లలకు నేనే వడ్డించాను. ఏడేళ్ళ పాప ఒకతె లడ్డూ సగం తిని, మిగతా సగం గౌను అంచులో మూట కట్టుకుంది. తమ్ముడి కోసమా అని అడిగాను. "కాదండి, అమ్మకండి. ఆదివారం వస్తదండి" అంది.

అనాథ పిల్లలకు అన్నం పెడుతున్నామనుకుంటూ వెళ్ళినవాళ్ళం. ఆ పాపకు అమ్మ ఉందని ఆ సగం లడ్డూ వల్ల తెలిసింది. ఆ రాత్రి మా ఆయనా నేనూ నిద్రపోలేదు.

అమ్మ ఉంటే ఆ పిల్ల అనాథ ఎలా అవుతుంది?

అవదు. కానీ మన ఊళ్ళలో హోమ్ అంటే అనాథాశ్రమం అనే పిలుస్తాం కాబట్టి లోపల ఉన్నవాళ్ళందరూ అనాథలే అనుకుంటాం. మా 11 మందిలో నిజంగా ఎవరూ లేనివాళ్ళు ముగ్గురే. ఆరుగురికి అమ్మ ఉంది, ఇద్దరికి అమ్మమ్మ. ఆ పాప నాన్న తాగుడుతో పోయాడు. తల్లి మిరప కోతలకు ఊళ్ళు పట్టుకుని తిరిగేది, రాత్రిళ్ళు చేల గట్ల మీద పడుకునేది. ఎదుగుతున్న ఆడపిల్లను వెంట తిప్పుకోలేక హోమ్‌లో చేర్చింది. ఆవిడ బిడ్డను వదిలేయలేదు. బిడ్డకు తలుపు ఉన్న గది దొరికిందని కాస్త స్థిమితపడింది.

బైబిల్లో యాకోబు పత్రికలో దిక్కులేని పిల్లలను పరామర్శించమని ఉందని అందరం చెబుతాం. ఆ మాట పక్కనే విధవరాండ్రు కూడా ఉన్నారు, ఇద్దరినీ కలిపే చెప్పాడు. పిల్లను మాత్రం తీసుకుని తల్లిని గేటు బయట నిలబెట్టే సహాయం ఆ మాటకు సరిపోదని నా గట్టి నమ్మకం. రెండేళ్ళ తర్వాత మేం చేసిన మొదటి పెద్ద పని, ఆవిడకు కుట్టుమిషను కొనిపెట్టి ఊళ్ళో ఒక గది అద్దెకు తీసుకోవడం. పాప ఎనిమిదో తరగతికి ఇంటికి వచ్చేసింది. మా 11 మందిలో అలా ఇంటికి చేరినవాళ్ళు నలుగురు. మేం చేసిన పనులన్నింటిలోకీ నాకు ఎక్కువ సంతోషం ఇచ్చింది ఇదే.

ఇందులో మా గొప్పేమీ లేదు. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను కుటుంబం నుంచి వేరు చేయకూడదని ఐక్యరాజ్యసమితి 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. రుమేనియాలో బుకారెస్ట్ నగరంలో 2000 ప్రాంతంలో మొదలుపెట్టి, ఆశ్రమాల్లో ఉన్న 136 మంది పసిపిల్లలను పరిశోధకులు ఏళ్ళ తరబడి గమనించారు. కొందరిని పెంపుడు కుటుంబాలకు పంపారు. రెండేళ్ళ లోపే ఇంటి వాతావరణంలోకి వెళ్ళినవాళ్ళు ఆశ్రమంలోనే ఉండిపోయినవాళ్ళ కంటే బాగా కోలుకున్నారు. ఎంత మంచి ఆయా అయినా పాతికమందికి అమ్మ కాలేదు కదా.

మన ప్రభుత్వంలో దీనికి పథకం కూడా ఉంది. మిషన్ వాత్సల్య కింద, తల్లి దగ్గరో బంధువుల దగ్గరో పెరిగే బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. భర్త పోయిన తల్లులకు ఇది వర్తిస్తుంది. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, మిగతా చోట్ల 96,000 దాటకూడదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అర్జీ పెట్టుకోవాలి. మీ ఊళ్ళో ఎవరైనా తల్లి బిడ్డను హోమ్‌లో వేద్దామనుకుంటే, ముందు ఈ మాట ఆవిడ చెవిన వేయండి.

మీకు పిల్లలు లేరా, అందుకేనా?

మాకు ఇద్దరు అబ్బాయిలు. పిల్లలు లేనివాళ్ళే ఇలాంటివి చేస్తారన్న మాట ఆ దంపతులకూ బాధ, ఈ పిల్లలకూ బాధ. దయచేసి అనకండి.

పిల్లలు మిమ్మల్ని ఏమని పిలుస్తారు?

పెద్దమ్మ, పెదనాన్న. మొదట్లో హోమ్ వాళ్ళు "మమ్మీ, డాడీ" అని పిలవమని నేర్పించారు. ఆదివారం వచ్చే కన్నతల్లి ఎదుట ఒక పిల్ల నన్ను మమ్మీ అంది. ఆవిడ ముఖం నేను మర్చిపోలేను. ఆ రోజే మార్పించాం.

నెలకు ఎంత ఖర్చవుతుంది?

ఏడాదికోలా ఉంటుంది. మా దశమభాగంలో, అంటే సంపాదనలో దేవుని పనికి ఇచ్చే పదో వంతులో, సగం ఇక్కడి సంఘానికి, సగం పిల్లలకు. బడిలో చదువుకునేటప్పుడు తక్కువే. కాలేజీ, హాస్టలు, పెళ్ళి, ఆస్పత్రి వచ్చినప్పుడు ఎక్కువ. ఒక పిల్లకు వెన్నెముక ఆపరేషన్ అయిన ఏడాది మేం కారు మార్చడం మానుకున్నాం.

డబ్బు ఎలా పంపుతారు?

దీంట్లోనే మేం పెద్ద తప్పు చేశాం. మొదటి మూడేళ్ళు తెలిసినాయన ఒకరి సొంత ఖాతాకు పంపాం. ఒకసారి మా సంఘంలోనే ఇంకో కుటుంబం వాళ్ళు తాము చదివిస్తున్న పాప ఫోటో చూపించారు. అది మా పాపే. ఒకే ఫోటో, రెండు పేర్లు, రెండు ఇళ్ళ నుంచి డబ్బు. ఆ నెల నాకు కలిగిన టెన్షన్ ఇంతా అంతా కాదు. ఆయన పేరు ఇక్కడ అనవసరం. తప్పు మాది కూడా. ప్రార్థన చేశాం కానీ లెక్క అడగలేదు.

చట్టం ఏం చెబుతుందో తర్వాత తెలుసుకున్నాం. విదేశీ పౌరులు భారతదేశంలోని సంస్థకు ఇచ్చే డబ్బు 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తుంది. దాన్ని అందరూ ఎఫ్‌సీఆర్‌ఏ అంటారు. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, పాస్‌పోర్టు అమెరికాదైతే మనం విదేశీయులమే. ఇండియన్ పాస్‌పోర్టే ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి మామూలుగా బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. ఈ తేడా చాలామందికి తెలియదు. 2020లో చట్టం సవరించాక, ఇలాంటి డబ్బు మొదట ఢిల్లీలో పార్లమెంట్ వీధిలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో సంస్థ పేరు మీద ఉన్న ఖాతాకే రావాలి. ఒక సంస్థ తీసుకుని ఇంకో సంస్థకు పంచిపెట్టడం కుదరదు. ఆఫీసు ఖర్చులు 20 శాతం మించకూడదు, అంతకుముందు 50 ఉండేది. రిజిస్ట్రేషన్ ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి.

చిన్న హోమ్‌లకు ఇది చాలా కష్టమైంది, కాదనను. పెద్ద సంస్థలకే కష్టమైంది. కంపాషన్ ఇంటర్నేషనల్ అనే పెద్ద క్రైస్తవ సంస్థ డబ్బు పంపేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధన వల్ల 2017 మార్చిలో భారతదేశంలో పని ఆపేసింది. అప్పటికి వాళ్ళ సాయం అందుకుంటున్న పిల్లలు లక్షా నలభై వేలకు పైనే. ఆ పిల్లల్లో కొందరు మా హోమ్ ఊళ్ళోనూ ఉన్నారు. అయినా దొడ్డిదారిన పంపకండి. పట్టుబడితే దాత అమెరికాలో క్షేమంగానే ఉంటాడు, మూతపడేది హోమ్, రోడ్డున పడేది పిల్లలు. మేం ఇప్పుడు రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే, సీఏ చూసిన లెక్కలు తెప్పించుకున్నాకే పంపుతున్నాం. పన్ను మినహాయింపు సంగతి అడుగుతారు. విదేశీ సంస్థకు నేరుగా ఇచ్చినదానికి అమెరికాలో మినహాయింపు ఉండదు. ఇక్కడ నమోదైన ధార్మిక సంస్థ ద్వారా ఇస్తే ఉంటుంది.

మతం మార్చడానికే కదా ఇదంతా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళలో మా స్నేహితులు కూడా ఉన్నారు, అందుకని సూటిగా చెబుతాను. మేం యేసుక్రీస్తును నమ్ముకున్నాం. ఆ నమ్మకం వల్లే ఈ పిల్లల దగ్గరకు వెళ్ళాం, దాన్ని దాచుకోం. కానీ అన్నానికీ ఫీజుకూ ప్రార్థనతో ముడిపెడితే అది ప్రేమ కాదు, బేరం. మా పిల్లల్లో ఇద్దరు హిందువులు, హిందువులుగానే పెరిగారు. ఒకమ్మాయి పెళ్ళి అన్నవరంలో జరిగింది. పెదనాన్న అక్షింతలు వేశారు.

పిల్లల పేర్లు, ఫోటోలు ఎందుకు పంపరు?

పిల్లల సంరక్షణ కోసం ఉన్న 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ అవసరమైన బిడ్డ పేరు గానీ, చిరునామా గానీ, బడి పేరు గానీ, గుర్తుపట్టేలా ఉన్న ఏ వివరమైనా బయటపెట్టకూడదు. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా పడవచ్చు. చట్టం సంగతి పక్కనపెట్టినా, పదేళ్ళప్పుడు కంచం పట్టుకుని నిలబడ్డ ఫోటో ఒకటి, పాతికేళ్ళు వచ్చి ఉద్యోగం చేసుకుంటున్న అబ్బాయికి వాళ్ళ ఆఫీసులో ఎవరో చూపించారు. వాడు నాకు ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ ఫోటో తీసింది మేమే. అందుకే ఇందులో కూడా ఎవరి పేరూ రాయలేదు.

దత్తత తీసుకుని అమెరికా తెచ్చేసుకోవచ్చు కదా?

తల్లి ఉన్న బిడ్డను దత్తత ఎలా తీసుకుంటాం? బాలల సంక్షేమ కమిటీ విచారించి, దత్తతకు చట్టపరంగా స్వేచ్ఛ ఉందని ప్రకటించిన బిడ్డనే ఇస్తారు. తల్లి తనంతట తాను బిడ్డను అప్పగించినా, మనసు మార్చుకోవడానికి ఆవిడకు 60 రోజుల గడువు ఉంటుంది. అంతా కేంద్ర దత్తత సంస్థ కారా ద్వారానే జరగాలి. ఎన్నారైలను దేశంలో ఉన్నవాళ్ళతో సమానంగానే చూస్తారు. అమెరికా వీసా వైపు నుంచి చూస్తే, మామూలుగా బిడ్డకు 16 ఏళ్ళు నిండకముందే దరఖాస్తు పెట్టాలి. హోమ్‌లో నచ్చిన పిల్లను చూపించి ఈ పిల్లే కావాలి అనడం కుదరదు. అలా చేతులు మార్చడం నేరం.

క్రైస్తవ దంపతులు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. 1956 దత్తత చట్టం హిందువులకే వర్తించేది. మనవాళ్ళు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకులుగా మాత్రమే ఉండగలిగేవారు, బిడ్డకు వారసత్వం వచ్చేది కాదు. మొదటి జువెనైల్ జస్టిస్ చట్టం 2000లో వచ్చి, 2006లో సవరించాక ఆ తలుపు తెరుచుకుంది. ఏ మతం వారైనా ఈ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2014లో స్పష్టంగా చెప్పింది. మా పెద్దవాళ్ళ కాలంలో ఎంతమంది ఆ ఆశ వదులుకున్నారో!

కాగితాల విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే, కొరియాలో ఏం జరిగిందో చూడండి. ఒరెగాన్‌లో వ్యవసాయం చేసుకునే హ్యారీ హోల్ట్, బెర్తా హోల్ట్ దంపతులు 1955లో ఎనిమిది మంది కొరియా పిల్లలను దత్తత తెచ్చుకున్నారు. భక్తిగల మనుషులు, మంచి మనసుతోనే చేశారు. వాళ్ళను చూసి వేల కుటుంబాలు ముందుకొచ్చాయి. తర్వాతి దశాబ్దాల్లో ఆ ప్రవాహానికి సరిపడా పిల్లలను చూపించడం కోసం, అమ్మానాన్నలున్న పిల్లలను కూడా కాగితాల మీద అనాథలుగా రాశారని కొరియా సత్యశోధన కమిషన్ 2025 మార్చిలో తేల్చింది, ప్రభుత్వం క్షమాపణ చెప్పాలంది. చదివినప్పుడు నాకు గౌను అంచులోని సగం లడ్డూ గుర్తొచ్చింది.

పద్దెనిమిదేళ్ళు నిండాక వాళ్ళ బాధ్యత తీరినట్టేనా?

దాతల లెక్క ప్రకారం తీరినట్టే. బిడ్డకు 18 రాగానే చాలామంది స్పాన్సర్లు ఆపేసి ఇంకో చిన్న పిల్లను ఎంచుకుంటారు. చిన్న పిల్లల ఫోటోలు ముద్దుగా ఉంటాయి, మీసాలొచ్చిన కుర్రాడి ఫోటో ఎవరి ఫ్రిజ్ మీదా ఉండదు. కానీ అసలు కష్టం ఆ రోజు నుంచే మొదలవుతుంది. మీరు ఒక్కటే చేయగలిగితే, ఈ వయసు వాళ్ళకే చేయండి.

ఒకడు ఐటీఐలో చేరి విజయవాడలో గది తీసుకున్నాడు. అంతవరకు వాడి చేతికి ఒకేసారి పది రూపాయలకు మించి రాలేదు. మొదటి నెల డబ్బు తొమ్మిది రోజుల్లో అయిపోయింది. గదిలో ఉన్న నలుగురికీ బిర్యానీ తెచ్చాడట, మూడుసార్లు. మా ఆయన కోప్పడబోతే, "ఒక్కణ్ణే ఎలా తినేది పెదనాన్నా?" అన్నాడు. హోమ్‌లో ఎవరూ ఒక్కరే తినరు. తర్వాత వారం వారం పంపాం, ఆరు నెలల్లో నేర్చుకున్నాడు.

ఇంకో అమ్మాయి నర్సింగ్ చదువుతూ బయట ఉండాల్సి వచ్చి, రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసింది. "పెద్దమ్మా, ఒక్కదానికి ఎంత బియ్యం పోయాలి?" అని. హోమ్‌లో పదేళ్ళ నుంచి నలభైమందికి గుండిగలో అన్నం వార్చిన పిల్ల తను. ఒక గ్లాసుతో కొలవమని, రెండు గ్లాసులు నీళ్ళు పోయమని చెప్పాను. ఉడికేదాకా ఇద్దరం ఫోన్‌లోనే ఉన్నాం.

అందుకే ఇప్పుడు 17 రాగానే మొదలుపెడతాం. బ్యాంకు ఖాతా, ఏటీఎం, బస్సు రిజర్వేషన్, ఒక్కరికి వంట, ఆస్పత్రిలో ఓపీ చీటీ, ఇంటి ఓనర్‌తో మాట్లాడటం. కాగితాల విషయంలో మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, హోమ్ నుంచి వెళ్ళినవాళ్ళకు ప్రభుత్వ తదుపరి సంరక్షణ 21 ఏళ్ళ వరకు, తప్పనిసరి పరిస్థితుల్లో 23 వరకు ఉంది. అడిగినవాళ్ళకే వస్తుంది, అందుకని అడగాలి. రెండు, పదేళ్ళ లోపే తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకుని, చూసుకునే వారెవరూ లేక ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆశ్రమంలో పెరిగిన పిల్లలు ఉమ్మడి రాష్ట్రం రోజుల నుంచి బీసీ-ఏ జాబితాలో ఉన్నారు. ఆ సర్టిఫికెట్ కోసం మేం తహసీల్దారు ఆఫీసుకు ఏడుసార్లు తిరిగాం. వచ్చింది, దానితోనే సీటు వచ్చింది. మూడు, పాస్‌పోర్టు. 2016 డిసెంబరు నుంచి తల్లిదండ్రుల్లో ఒకరి పేరు గానీ సంరక్షకుల పేరు గానీ ఇస్తే చాలు. పుట్టిన తేదీ రుజువు లేని అనాథ పిల్లలకు హోమ్ పెద్ద లెటర్‌హెడ్ మీద రాసిస్తే సరిపోతుంది.

ఇదేం కొత్త ఆలోచన కాదు. ప్రష్యాలో (ఇప్పటి జర్మనీలో) పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన జార్జ్ ముల్లర్, ఆయన భార్య మేరీ 1836లో బ్రిస్టల్‌లో విల్సన్ వీధిలోని తమ అద్దె ఇంట్లోనే ఆడపిల్లలను చేర్చుకుని మొదలుపెట్టారు. ఆయన బతికుండగా ఆ ఇళ్ళలో పెరిగినవాళ్ళు 10,000 మందికి పైనే. మన సంఘాల్లో ఆయన గురించి ప్రసంగం అంటే, ఎవరినీ డబ్బు అడగకుండా ప్రార్థనతో నడిపాడన్న మాటే వినిపిస్తుంది. నిజమే. కానీ మగపిల్లలకు పని నేర్పే చోటు చూశాకే బయటికి పంపేవారన్న సంగతి కూడా చెప్పుకోవాలి.

వేసవిలో మా యూత్‌ను హోమ్‌కు తీసుకెళ్ళవచ్చా?

వద్దు. వారం రోజులు ఎత్తుకుని ముద్దులాడి, ఎనిమిదో రోజు విమానం ఎక్కేవాళ్ళు వచ్చిపోతుంటే పిల్లలు ఏం నేర్చుకుంటారు? ప్రేమించినవాళ్ళు వెళ్ళిపోతారనే. ఆ టిక్కెట్ల డబ్బుతో ఒక ఆయా జీతం రెండేళ్ళు ఇవ్వొచ్చు.

హోమ్ మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

రిజిస్ట్రేషన్ చూపించమనండి. జువెనైల్ జస్టిస్ చట్టం 41వ సెక్షన్ ప్రకారం అది తప్పనిసరి. ప్రతి బిడ్డ బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వుతోనే చేరిందా అని అడగండి. ఎంతమంది పిల్లలు తిరిగి ఇళ్ళకు వెళ్ళారో అడగండి, ఒక్కరు కూడా వెళ్ళలేదంటే ఆలోచించుకోవాల్సిందే. మీరు గేటు దగ్గరకు రాగానే పిల్లలను వరసగా నిలబెట్టి పాట పాడిస్తే నాకు మనసు కీడు శంకిస్తుంది. బడిలో ఉండాల్సిన టైములో పిల్లలు మీకోసం ఇంట్లో ఉన్నా అంతే. ఎక్కడైనా పిల్లలకు హాని జరుగుతోందనిపిస్తే పాస్టర్ గారితో చెప్పి ఊరుకోకండి, 1098కి ఫోన్ చేయండి.

పెళ్ళిళ్ళు కూడా మీరే చేస్తారా?

పెళ్ళి ఒక్కరోజు పని, ఎలాగోలా జరిగిపోతుంది. ఎవరూ లేని ముగ్గురిలో ఒకమ్మాయికి 2021లో పెళ్ళయింది. మంచి కుటుంబం. ఏడో నెలలో అత్తగారు మామూలుగానే అడిగారట, "పురిటికి మీ వాళ్ళు ఎప్పుడు తీసుకెళ్తారమ్మా?" అని. ఆ పిల్ల బాత్రూంలోకి వెళ్ళి నాకు ఫోన్ చేసింది. హోమ్‌కు పురిటికి వెళ్ళలేదు కదా. ఫీజులు, బట్టలు, మంచం, మిక్సీ అన్నీ ఆలోచించాం కానీ ఆడపిల్లకు పుట్టిల్లు కావాలన్నది మా బుర్రలకు తట్టలేదు.

మా అత్తగారి ఇల్లు అప్పటికి పదిహేనేళ్ళుగా తాళం వేసి ఉంది. సున్నం వేయించాం, బోరు బాగు చేయించాం. నేను మూడు నెలలు సెలవు పెట్టి వెళ్ళాను. లడ్డూ మూట కట్టుకున్న పాప వాళ్ళమ్మ ఊళ్ళోనే ఉంది కదా, కాయం చేయడం, పసిదానికి నీళ్ళు పోయడం అంతా ఆవిడే చూసుకుంది. నాకు నిజంగా రాదు. ఇప్పుడు ఆ ఇంటి తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి. క్రిస్మస్‌కు ఎవరు రావాలన్నా ఆవిడకు ఫోన్ చేసి వచ్చేస్తారు.

మళ్ళీ ఎప్పుడు వెళుతున్నారు?

జనవరిలో. ఆ లడ్డూ పాపకే ఇప్పుడు ఎనిమిదో నెల. వాళ్ళమ్మ నన్ను అమెరికా నుంచి ఏమీ తేవద్దంది, మెత్తబడిన పాత నూలు చీరలుంటే నాలుగు పట్టుకురమ్మంది. ఉతికి, మడతపెట్టి సూట్‌కేసులో పెట్టేశాను.